మూడో కేక

“ఇంకో రెండు కేకలు. అంతే,” అన్నాడు షెరీఫ్ ఫుల్క్, గుమాస్తా ఓస్బర్ట్ చెవిలో.

మొదటి కేక అప్పుడే అయింది. తేనెపట్లు కొట్టుకుని బతికే వైమండ్‌ని నాలుగు నెలలుగా కోర్టుకు పిలుస్తున్నారు, రాలేదు. ఇది ఐదో నెల, ఆఖరుది. మూడు కేకల్లోపు పలకకపోతే వాడు చట్టం బయటివాడు. తోడేలుని చంపినట్టు ఎవడైనా చంపొచ్చు. వాడి సాక్ష్యం ఇక ఎక్కడా చెల్లదు. ఫుల్క్‌కి కావలసింది అదే. రాజుగారి అడవిలో లేడిని కొట్టింది ఫుల్క్, దానికి ఉరేసింది ఒక బొగ్గులవాణ్ణి. కళ్లారా చూసింది వైమండ్. రాజుగారు పంపిన న్యాయాధికారి ఇవాళ కుడిపక్కనే కూర్చుని ఉన్నాడు.

పొద్దుటినించీ ఫుల్క్ పడని పాటు లేదు. అడవి దారి వంతెన మీద పదిమంది విలుకాళ్లని పెట్టాడు. కేకలేసే ముసలాడికి జ్వరమంటే ఓస్బర్ట్ అతని బదులు ఎవణ్ణో వెతికి, కోర్టు కోటు తొడిగి, బంట్లతోపాటు తోలుకొచ్చాడు. వైమండ్ మొహం ఫుల్క్ ఎరగడు, పొదల్లో పారిపోయిన వీపే చూశాడు. అందుకని వాడి ఊరి గొర్రెలకాపరిని కోటగుమ్మంలో నిలబెట్టి, వచ్చిన ప్రతి పల్లెటూరివాడి తలగుడ్డా తీయించాడు.

ముందు వరసలో వైమండ్ పెళ్లాం హవీస్ కూర్చుని ఉంది.

“ఏమే, నీ మొగుడికి కాళ్లు పడిపోయాయా?” అన్నాడు ఫుల్క్.

“వస్తాడు దొరా.”

“ఎప్పుడు, శవమయ్యాకా?”

“మీరు పిలిపించండి. కాస్త గట్టిగా పిలిపించండి.”

వెనక జనం తలలు దించుకున్నారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాడి భుజాలు వణికాయి. భయం, అనుకున్నాడు ఫుల్క్. బీదవాళ్లలో అతను చూసిందల్లా ఆ ఒక్కటే.

రెండో కేక పడింది. బదులు లేదు.

అంతలో బయట గుర్రపు డెక్కలు. ఫుల్క్ చటుక్కున గుమ్మం వైపు తిరిగాడు. వచ్చింది వంతెన కాపలావాడు. అటునించి పిట్ట కూడా దాటలేదని చెప్పి పోయాడు. గుమ్మంలో గొర్రెలకాపరిని అడిగిస్తే, తన ముందునించి వైమండ్ నడిచిపోలేదని ఒట్టేశాడు.

న్యాయాధికారి గడ్డం గోక్కుంటూ, కాసేపు ఆగితే నష్టమేమిటని అడిగాడు.

“చట్టం ఎవరికోసం ఆగుతుంది ప్రభూ?” అన్నాడు ఫుల్క్. ఆ మాట అంటున్నప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. మూడోది కానిమ్మని కేకలేసేవాడికి చెయ్యి ఊపాడు.

“వైమండ్! వచ్చి బదులు చెప్పు!”

గోడలు మారుమోగాయి. హవీస్ లేచి నిలబడింది. ఆమె వెనకే ఊరంతా లేచింది. ఫుల్క్ గెలిచిన మొహంతో న్యాయాధికారి వైపు తిరిగాడు.

“ఇదిగో, వచ్చాను దొరా,” అన్నాడు పిలిచినవాడే.