పద్దెనిమిదో కార్డు

పదిహేడు కార్డులను వరుసగా తప్పు చదివిన పోస్ట్‌మన్ యాకయ్య, పద్దెనిమిదోది చేతపట్టుకొని, మడికొండలోని మొగిలమ్మ గడప ముందు కాలు నిలవక తిరుగుతున్నాడు.

పోలియోతో కాళ్లు చచ్చుబడిన మొగిలమ్మ వేసిన ఎద్దు బొమ్మను ఒక వారపత్రిక ఆమె ఫోటోతో, పూర్తి చిరునామాతో ప్రచురించింది. తత్ఫలితంగా పలువురు విజ్ఞులు, తలా పదిహేను పైసలు పోస్టుకార్డుకు వెచ్చించి, పేరు రాయకుండా, ఆమె కాళ్లపై తమ అమూల్యాభిప్రాయాలను తెలియజేశారు. ఒక్క పాడుమాట వచ్చినా కుంచెలు పొయ్యిలో పెడతానని చదువురాని తల్లి ముందే తీర్మానించింది. అందుచేత యాకయ్య, చదువొచ్చిన మొగిలమ్మ కార్డు చూసి కళ్లతోనే వేడుకోగా, ప్రతి తిట్టునూ పొగడ్తగా మార్చి తల్లికి చదివి వినిపిస్తూ వచ్చాడు. ఇది నిబంధనలకు విరుద్ధం.

ఈ కార్డులో తిట్టు లేదు. పొగడ్తా నిండుగా లేదు. ఏమని మార్చాలో తోచక ఉన్నదున్నట్టు చదివాడు: “ఎద్దు బాగున్నది. కుడి కొమ్ము పొట్టిగా వచ్చింది. దిద్ది పంపితే మా ఇంట్లో గోడకు పెట్టుకుంటాము. ఇట్లు, వర్ధన్నపేట రైతు.”

తల్లి పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. మొగిలమ్మ కుంచెలను కొంగు కింద దాచుకుంది.

“యాకన్నా, ఇదొక్కటే నిజం కార్డు గదనే?” అన్నది తల్లి.

“అన్నీ నిజమే చెల్లె!”

“జర ఆగన్నా! పదిహేడు మంది ఒక్క వంక పెట్టకుంట మెచ్చుకుంటరా? నువ్వు చదువుతాంటే బిడ్డ గజగజ వణుకుతాంటది. మెచ్చుకుంటే ఎవలన్న వణుకుతరా?”

తల్లి కూతురి పక్కన కూర్చుంది.

“కుంచె తియ్యి బిడ్డా. ఆ కొమ్ము పొట్టిగున్నదని నాకు మొదటి దినమే తెలుసు. చెప్తే నేను సుత కార్డు రాసినోళ్లల్ల కలుస్తనని ఊకున్న.”