చప్పుడు చేయని నేల

హాలు నడిమధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది అత్తగారు.

"నన్ను దాటి వెయ్యి, చూస్తాను!" అంది ఫ్లోరింగ్ మేస్త్రీతో. "అసలు సిసలు టేకు చెక్క ఇది. దీని మీద ఆ ప్లాస్టిక్ చాప పరుస్తావా?"

మేస్త్రీ చంకలో ఫోమ్ చుట్టతో కోడలి వైపు చూశాడు.

"మీరు కానివ్వండి" అంది కోడలు. "ఒక్క మేకు కూడా కొట్టడం లేదత్తయ్యా. మీ టేకు ఎక్కడికీ పోదు, కిందే ఉంటుంది."

"ఉన్నదాన్ని కప్పెట్టడం దేనికట?"

"కిర్రుకిర్రుమంటోంది కాబట్టి."

ఆ కిర్రుతోనే వచ్చింది తంటా అంతా. ఆ ఇంట్లో ఒక్కో పలకది ఒక్కో గొంతు. అత్తగారు తన గదిలోంచి కదలకుండానే ఇల్లంతా చూసేసేది. "మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికేనా?" "అప్పుడే నడుం వాల్చావా?" "బాల్కనీలో ఎవరితో ఆ కబుర్లు?" సొంత ఇంట్లో దొంగలా మునివేళ్ళ మీద నడిచి నడిచి కోడలికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి!

"నా చెవులు మూయాలని చూస్తున్నావు" అంది అత్తగారు.

"మీ చెవుల జోలికి నేను రాలేదు. నా కాళ్ళకి కట్టిన గజ్జెలు విప్పుకుంటున్నాను."

"మా అబ్బాయిని రానీ, చెప్తాను."

"రానివ్వండి. ఆయనొచ్చేసరికి పనైపోతుంది."

మేస్త్రీ గోడవారనుంచి మొదలుపెట్టాడు. ఫోమ్ పరిచాడు, దాని మీద షీటు పరిచాడు, అంచులు కోశాడు. చివరికి కుర్చీ కింద పీటంత టేకు మిగిలింది.

"లేస్తారా, మీతో సహా ఎత్తించమంటారా?" అంది కోడలు.

అత్తగారు లేచి, విసవిసా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మేస్త్రీ ఆ కాస్తా కప్పి, వంటింట్లో కూడా పరిచి వెళ్ళగానే కోడలు హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి మడమలు ఆనించి దర్జాగా నడిచింది. ఓ గెంతు కూడా గెంతింది. చప్పుడు లేదు. లోపలినుంచి ఆరా లేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది. వంటింట్లోకి వెళ్ళి, గుమ్మం వైపు వీపు పెట్టి, వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

"గెలిచానమ్మా! ఈ ఇంట్లో గూఢచారి ఆఫీసు మూతపడింది. ఇంక నేనెక్కడున్నానో, ఏం చేస్తున్నానో ఆ మహాతల్లికి తెలిస్తే ఒట్టు! నీతో నోరారా మాట్లాడి ఎన్నాళ్ళయిందే... ఏంటి? ఆవిడా? గదిలోనే మూతి ముడుచుకు కూర్చుంది. బయటికొస్తే నాకు వినపడదూ?"

"మీ అమ్మగారిని అడిగానని చెప్పమ్మా" అంది అత్తగారు, సరిగ్గా వెనకనుంచి.