ఫుట్‌బోర్డు తీగ

ఆదివారం తెల్లారేసరికి ఆవిడ గొంతు పోయింది.

పోవడమంటే అలా ఇలా కాదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు. మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతిలో వేడినీళ్ల గ్లాసుతో మొగుడి ముందు నిలబడి సైగలు మొదలుపెట్టింది.

"ఏమైంది?" అన్నాడాయన, కిటికీ పక్క కుర్చీలోంచి.

ఆయన లెక్కలో అది ఉపన్యాసమే. బస్సు కండక్టరుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయనా ఆ కుర్చీ ఒకటైపోయారు. వీధిలో పోయే బస్సుల్ని చూడటం, ఎవరైనా పలకరిస్తే "ఊఁ" అనడం, అంతే. జీవితమంతా ఊరి మీద కేకలేసిన మనిషి!

ఆవిడ కాగితం తీసి రాసింది. "నా బదులు మీరు వెళ్లాలి."

కాలనీ వెనకాల అందరి ఉమ్మడి అడవి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆవిడ జనాన్ని వెంటేసుకుని అందులో పూసే అడవి పూలు చూపిస్తుంది. పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

"నేనా? నాకు బంతికీ చేమంతికీ తేడా తెలీదే!"

ఆవిడ మళ్లీ రాసింది. "ఇవాళ అడవిని చూసుకునే కమిటీ మనిషి ఎవరో చెప్పాపెట్టకుండా వస్తున్నారట. వాళ్లకి నచ్చకపోతే నా నడక రద్దు."

ఆయన లేచాడు. పూల సంగతి తెలియకపోయినా, ఆ నడకంటే ఆవిడకి ప్రాణమని తెలుసు. సంచి ఆవిడ అప్పటికే సర్ది పెట్టింది. మంచినీళ్లు, గొడుగు, పూల పేర్లు రాసిన కాగితం, కళ్లజోడు పెట్టె.

అడవి గేటు దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. ఒక చిన్నపిల్లా వాళ్లమ్మా. రాత్రి డ్యూటీ దిగి అటునుంచటే వచ్చేసిన ఇద్దరు నర్సులు. మొహం సగం కప్పేసే గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ. మెడలో కెమెరాతో, నవ్వితే నష్టమన్నట్టున్న ఒక పెద్దమనిషి.

కమిటీ మనిషి ఈయనే, అని కండక్టరు తేల్చేసుకున్నాడు. మొహం చూసి మనిషిని పట్టేయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

నాలుగడుగులు వేశారో లేదో గడ్డి నిండా గుండ్రటి పసుప్పచ్చ పూలు.

"తాతయ్యా, దీని పేరేంటి?" అంది పిల్ల.

ఆయన కాగితం తీశాడు. అక్షరాలు చీమలబారులా కనిపించాయి. కళ్లజోడు పెట్టె తెరిచాడు. అందులో కళ్లజోడు లేదు. కెమెరా పెద్దమనిషి తననే చూస్తున్నాడు.

"చిల్లర పువ్వు" అనేశాడు.

అందరూ తెల్లబోయారు. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

"చిల్లర లేదంటే కండక్టర్లని తిట్టుకుంటారు కదా. చూడండి, అంతా తెచ్చి ఇక్కడ పారబోశాం."

నర్సులు పకపకా నవ్వారు. ఆయనకి కాస్త ఊపిరాడింది.

"అసలు పేరు మా ఆవిడకి తెలుసు. వచ్చే వారం ఆవిడ చెబుతుంది. ఇవాళ్టికి నా పేర్లతో సర్దుకోండి. పదండి పదండి, దారికి అడ్డంగా నిలబడకండి, లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే!"

అంతే, బస్సు కదిలింది.

ఎండ ఎటుంటే అటే మొహం తిప్పే తెల్ల పువ్వు కిటికీ సీటు పువ్వు అయింది. తల వేలాడేసుకున్న ఊదా పువ్వుకి ఆఖరి బస్సు తప్పిపోయింది. ముళ్లపొద దగ్గర "జేబులు జాగ్రత్త!" అని కేకేశాడు. ఆ కేకకి కొమ్మ మీది పిట్టలన్నీ లేచిపోయాయి. గడ్డి టోపీ ఆవిడ మాత్రం ప్రతి చోటా "ఇంకా చెప్పండి, ఇంకా" అంటూ పక్కనే నడిచింది.

వాగు దగ్గర కెమెరా పెద్దమనిషి మొదటిసారి నోరు విప్పాడు. "ఈ తీగనేమంటారండీ?"

వచ్చింది పరీక్ష. కండక్టరు చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

"ఫుట్‌బోర్డు తీగండీ. టికెట్టు కొనదు. పక్కచెట్టుని పట్టుకుని చివరిదాకా వేలాడుతూ పోతుంది. ఎన్నిసార్లు దింపినా మళ్లీ ఎక్కుతుంది."

పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కాలేజీ రోజుల్లో నేనూ అదే తీగండీ!" అని, కండక్టర్ని తీగ పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు.

గట్టెక్కాం, అనుకున్నాడు కండక్టరు. నవ్వి నవ్వి దవడలు నొప్పెడుతున్నాయి. ఎన్నాళ్లకి!

తిరిగి గేటు దగ్గరికొచ్చేసరికి ఎండ నడినెత్తికి చేరింది.

"ఆఖరి స్టాపు! సామాన్లు చూసుకుని దిగండి!"

అందరూ దిగారు. పిల్ల దిగలేదు. "తాతయ్యా, మళ్లీ బస్సెప్పుడు?"

ఆ ప్రశ్నకి ఆయన మొహంలో నవ్వు కొంచెం వాడింది. "అది మా ఆవిడ గొంతుని బట్టి ఉంటుంది తల్లీ" అన్నాడు.

టోపీ ఆవిడ అప్పటికే దూరంగా వెళ్లి ఫోను చెవికి ఆనించుకుంది.

దారిలో ఆయన మందుల షాపు దగ్గర ఆగి గొంతు బిళ్లలు కొన్నాడు. ఆవిడకి చెప్పాల్సినవి ఎన్నున్నాయో! తీగ సంగతి ముందు చెప్పాలా, చిల్లర సంగతి ముందు చెప్పాలా అని తేల్చుకోలేక, దాదాపు పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు.

గుమ్మం బయట చెప్పులు విడుస్తుంటే, లోపల ఫోన్లో ఆవిడ గొంతు ఖంగున మోగింది: "అంతలా నవ్వించారా వదినా, అయితే నా కమిటీ అబద్ధం పారినట్టే, నీ గడ్డి టోపీ మళ్లీ సిద్ధంగా ఉంచుకో, ఆయన కళ్లజోడు నా దగ్గరే ఉంచేస్తా, వచ్చే ఆదివారం కూడా నాకు గొంతు రాదు!"