ఆపేసిన డ్రయ్యర్ కింద

గంట దాటినా ఆ పెద్దావిడ జుట్టు తడారలేదు.

వెర్నెల్‌కు అనుమానం వచ్చింది. ఆవిడ తలమీద బోర్లించిన డ్రయ్యర్ దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. గాలి లేదు, వేడి లేదు. మీట ఆపేసి ఉంది.

ఆపింది ఎవరో కాదు, కింద కూర్చున్న ఆవిడే.

“డ్రయ్యర్ ఆగిపోయిందమ్మా,” అంది వెర్నెల్.

“నేనే ఆపాను తల్లీ. ఆ హోరు నా చెవులకు పడదు,” అని ఆవిడ నవ్వింది.

హోరు పడక కాదు, మా మాటలు వినపడాలని, అనుకుంది వెర్నెల్.

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. అలబామాలోని ఆ చిన్న పట్నంలో వెర్నెల్ బ్యూటీ షాపే ఆమె ఎన్నికల కచేరీ. చుట్టుపక్కల ఊళ్లను ఏలే కౌంటీ బోర్డులో తమ వాడల సీటుకు ఆమె పోటీ చేస్తోంది; ఒక నల్లజాతి ఆడమనిషి దానికి నిలబడడం అదే మొదలు. వాన పడితే పెరట్లోకి మురుగు తన్నుకొచ్చే ఇళ్లవాళ్లంతా ఆమె మీదే ఆశ పెట్టుకున్నారు. కానీ ఆమె ఎక్కడ మీటింగ్ పెట్టినా ఆమెకు పోటీగా నిలబడ్డ పాత కమిషనర్ టార్ల్‌టన్‌కు ముందే తెలిసిపోతోంది. ఒకసారి బయట నిలిపిన కార్లన్నిటికీ జరిమానా చీటీలు అంటించారు. మొన్నటికి మొన్న హాలుకు వెళ్తే తాళం వేసి ఉంది.

ఇంటి గుట్టు ఎవరో మోస్తున్నారు.

“ఇంకెవరక్కా? ఆ డ్రయ్యర్ కింది గుడ్లగూబే,” అంది పిన్ని కూతురు జోసెట్. “పేరు ఓజెల్లా అంటుంది, ఇంటిపేరు చెప్పదు. ఏ ఊరంటే ‘నది వైపు’ అంటుంది. నది వైపు చేపలు కూడా ఉంటాయి!”

“పెద్దమనిషే. ఊరికే నింద వేయకూడదు.”

“నింద ఎందుకు? ఎర వేద్దాం.”

శనివారం ఓజెల్లా మళ్లీ వచ్చింది. డ్రయ్యర్ మళ్లీ ఆగింది. వెర్నెల్ ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకుండానే గొంతు పెంచింది.

“గురువారం సాయంత్రమే మీటింగ్! పాత పత్తి గిడ్డంగి దగ్గర. మనవాళ్లందర్నీ రమ్మను!”

ఓజెల్లా డ్రయ్యర్ కిందినుంచి తల బయటికి పెట్టింది.

“అక్కడ బండి నిలిపే చోటుందా తల్లీ?”

జోసెట్ కన్ను గీటింది. చేప ఎర మింగింది.

“బోలెడంత. మీరూ రండి,” అంది వెర్నెల్, తొణక్కుండా.

గురువారం పొద్దు వాలే వేళ అక్కాచెల్లెళ్లు గిడ్డంగికి దూరంగా, పెట్రోలు బంకు చాటున కారు ఆపుకుని కూర్చున్నారు. షెరీఫ్ పోలీసుల కారు వస్తే దొంగ దొరికినట్టే.

షెరీఫ్ కారు రాలేదు. ఒక నీలం బస్సు వచ్చింది, కిక్కిరిసిన మనుషులతో. అందులోంచి ఒక భారీ మనిషి దిగి గిడ్డంగి తలుపు గుంజి చూశాడు.

“టార్ల్‌టన్ బస్సు నిండా మనుషుల్ని తోలాడక్కా! మీటింగ్ ఉండుంటే మన పని అయ్యేది.”

“ఉండవే, దిగనీ. మొహాలు చూద్దాం.”

“చూసింది చాలక్కా, పద పద!”

ఆ శనివారం ఓజెల్లా షాపు గుమ్మంలోనే ఆగిపోయింది.

“గురువారం నాడు, తల్లీ...”

“గురువారం సంగతి నాకంతా తెలుసు. కావాలనే చెప్పాను. మీకు ఇక్కడ కుర్చీ ఖాళీ లేదు.”

షాపులో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఓజెల్లా వాటి వంక చూసింది. టోపీ సర్దుకుంది.

“సరే తల్లీ,” అని వెళ్లిపోయింది.

వెర్నెల్ మనసులో ఏదో కలుక్కుమంది. దొంగను పట్టిన సంబరంలో దాన్ని పట్టించుకోలేదు.

ఎన్నికలయ్యాయి. వెర్నెల్ ఓడిపోయింది. ఎన్ని ఓట్లతో అంటే, ఒక బస్సులో పట్టేన్ని.

గుట్టు మోసింది షాపు పల్చటి గోడకు అవతలి మంగలి రూఫస్. ఆ మాట టార్ల్‌టన్ గెలుపు విందులో వాడే గొప్పగా చెప్పుకున్నాడు.

 అది వినగానే వెర్నెల్ నది వైపు కారు తీసింది. ఈ ఏడాదే సరిహద్దులు మార్చి ఆ వాడను ఆమె సీటులో కలిపారు. ఆ మురుగు అక్కడి పెరళ్లలోనూ ఉంది. చర్చి పక్కన నీలం బస్సు నిలబడి ఉంది.

చర్చి మెట్ల మీద పెకాన్ కాయలు కొట్టి పప్పు తీస్తున్న ఒక అమ్మాయి వెర్నెల్‌ను గుర్తుపట్టింది. లేవలేదు.

“ఓజెల్లా గారు ఉన్నారా?”

“మా చర్చి పెద్దమ్మ, మదర్ ఓజెల్లానా? ఉంది. నీతో మాట్లాడదు.”

“ఇక్కడ ఎవరూ ఓటు వేయలేదట...”

“ఎలా వేస్తాం? వచ్చినవాడల్లా వేయించిన కోడి పంచి, నాలుగు తీపి మాటలు చెప్పి పోతాడు. అందుకే ముందు మదర్ వెళ్లి చాటుగా వింటుంది. మైకు లేనప్పుడు ఏం మాట్లాడతారో చూస్తుంది. ఆవిడ ఊఁ అంటేనే మా వాడంతా కదులుతుంది. మా అమ్మ కాలం నుంచీ అంతే.”



“నా గురించి... ఏమంది?”

అమ్మాయి కాయలు కొట్టడం ఆపింది.

“ఆ గురువారం పొద్దున ఇంటింటికీ తిరిగి చెప్పింది. ‘ఆ పిల్ల నోట అబద్ధం రాదు, అందరూ బస్సెక్కండి’ అంది.”