చిన్న పెట్టె

రేపల్లెలో శవపేటికలు చేసే తోమాసు కొట్లో, తెనాలి నుంచి వచ్చిన జశ్వంత్ తానమ్మే ఇంటర్నెట్ ఫోన్ బిగించాడు.

“ఇక మీరు మాట్లాడే పనే లేదు బాబాయ్ గారూ. పెద్ద పెట్టెకి ఒకటి, చిన్న పెట్టెకి రెండు నొక్కమని మిషనే చెబుతుంది.”

“ఫోనెత్తి మాట్లాడితే పోలా నాయనా?”

జశ్వంత్ జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. హుషారైన సంగీతంతో మిషన్ స్వాగతం చెప్పింది. తెరమీద అంకె వెలిగింది.

“రెండు! చూశారా, అప్పుడే ఆర్డరు!” జశ్వంత్ చప్పట్లు కొట్టాడు.

తోమాసు సుత్తి కిందపెట్టి ఫోన్ అందుకున్నాడు. అవతల ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తోంది.

“నేను తోమాసుని తల్లీ... బిడ్డ పేరేంటమ్మా?”

చప్పట్లు కొట్టిన చేతుల్ని జశ్వంత్ వెనక్కి దాచుకున్నాడు.