మంచినీళ్లు దొరకవు

"దీన్లో ఒక తప్పుందమ్మాయ్."

హెల్యు తలెత్తి చూసింది. వోర్మ్సి దీవి రేవులో, యాత్రికులకు సమాచారం చెప్పే గది అది. కిటికీ అవతల అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆమె టైపు కొట్టి గోడకి అంటించిన సూచనల కాగితం ఆయన చేతిలో ఉంది. పీక్కొచ్చాడు!

"ఏం తప్పు? చివరి పడవ ఐదింటికే. ఆదివారం దుకాణం తియ్యరు. గడ్డిలో కూర్చుంటే ఒళ్లంతా పిడుదులు చూసుకోవాలి. ఆవిరిస్నానానికి బట్టలతో వెళ్లకూడదు. దేంట్లో తప్పు?"

"అవన్నీ సరే. బట్టలతో వెళ్లేది ఇంగ్లీషువాళ్లు, మా స్వీడన్ వాళ్లు కాదు" అని నవ్వాడాయన. "ఇదిగో, ఇది. 'రేవు దాటాక దారిలో మంచినీళ్లు ఎక్కడా దొరకవు.' దారి మలుపులో రెల్లు కప్పిన ఇల్లు ఉంది కదా. పెరట్లో బావి. తేనెలాంటి నీళ్లు."

హెల్యు కుర్చీలోంచి లేచింది.

ఆ ఇల్లు ఆమెదే.

ఆమెదని అనుకోవడమే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఈ దీవిలోని స్వీడన్ జాతివాళ్లంతా పడవలెక్కి సముద్రం దాటి స్వీడన్ వెళ్లిపోయారు. ఆ ఖాళీ ఇళ్లలోకి, అవతలి గట్టున ఊళ్లు కాలిపోయినవాళ్లు వచ్చి చేరారు. హెల్యు తల్లి లెయిదా అలా వచ్చిందే. యాభై ఏళ్లు ఎవరూ అడగలేదు. ఇప్పుడు రష్యావాళ్లు పోయారు, కొత్త చట్టం వచ్చింది. పాత యజమాని అడిగితే ఇల్లు తిరిగి ఇచ్చెయ్యాలి. మీ ఇంటిని ఎవరో వారసుడు అడిగాడని పోయిన నెలే కబురొచ్చింది. అప్పటినుంచి హెల్యుకి కంటిమీద కునుకు లేదు.

బావి సంగతి రాయనిది తెలియక కాదు. రాస్తే స్వీడన్ వాళ్లు ఆగుతారు. ఆగితే చూస్తారు. చూస్తే కావాలంటారు.

"ఆ ఇల్లు లేదండీ. కూలిపోయింది" అంది.

"కూలిపోయిందా?"

"పదేళ్లయింది. బావి కూడా పూడిపోయింది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"మేం వెళ్లేనాటికి నాకు తొమ్మిదేళ్లు" అన్నాడు. "పాలు పిండేవాళ్లు లేక ఆవులన్నీ ఒడ్డుదాకా వచ్చి ఒకటే అరుపు. పడవలో ఒక్కరూ నోరు విప్పలేదు. వచ్చే వేసవికి మావాళ్లు వస్తారమ్మా. అందరూ ముసలివాళ్లే. ఇళ్లు అడగడానికి కాదు, చూసిపోవడానికి. మధ్యలో ఎక్కడన్నా కూర్చుని గుక్కెడు నీళ్లు తాగాలిగా? ఒక్క వాక్యం రాయి, చాలు."

"లేని బావిని రాస్తే వాళ్లు చేద పట్టుకొచ్చి నన్ను తిడతారు పెద్దాయనా."

"అదీ నిజమే. పోనీలే తల్లీ."

కాగితాన్ని మళ్లీ గోడకి అంటించాడు. నాలుగు మూలలూ బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఐదింటి పడవెక్కి వెళ్లిపోయాడు.

పడవ చిన్న చుక్క అయ్యేదాకా చూసి, హమ్మయ్య అనుకుంది హెల్యు.

సైకిల్ తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. బల్లమీద రెండు కాఫీ కప్పులున్నాయి.

"ఎవరొచ్చారమ్మా?"

"ఎవరో దారినపోయే మనిషి. పొద్దున నువ్వటు వెళ్లావు, ఆయన ఇటొచ్చాడు. నీళ్లడిగాడు. కాఫీ ఇచ్చి, పొగబెట్టిన చేప పెట్టా. నాలుగు ముక్కలు లాగించాడు."

"పేరేంటో అడగలేదా?"

"నీళ్లడిగినవాణ్ణి పేరడుగుతామా?" అని కసిరింది లెయిదా. "వింతేంటో తెలుసా? మన గుమ్మం కొత్తగా వచ్చిన ప్రతివాడికీ బొప్పి కట్టించుద్ది కదా. ఇరవయ్యేళ్లనుంచి వస్తున్న పోస్టాయనకి ఇప్పటికీ తగులుద్ది. ఈయన మాత్రం నేను చెప్పకముందే తల వంచి లోపలికొచ్చాడే!"

హెల్యు వెనక్కి తిరిగి గుమ్మంవైపు చూసింది.

"ఇంకేమన్నాడు?"

"నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆవులు బతికున్నాయా అనడిగాడు. ఉన్నాయయ్యా, పొదుగులు రాళ్లయిపోయి అల్లాడుతున్నాయి, వచ్చిన రోజే పదకొండింటిని పిండాను, చేతులు వాచిపోయాయి అన్నా. పిండారా, పిండారా అని రెండుసార్లు అడిగాడు. అంత మనిషీ ఏడ్చేశాడే."

"అమ్మా..."

"ఆఁ, మర్చిపోయా. ఈ కవరు నీకిమ్మన్నాడు. ఐదింటి పడవ వెళ్లాకే ఇవ్వాలని ఒట్టు వేయించుకున్నాడు."

చింపింది. లోపల ముద్రలు వేసిన పత్రం ఒకటి. విప్పి చదివింది.

'నేను పుట్టిన ఈ ఇంటిమీద నాకున్న హక్కును, అందులో నివసిస్తున్న లెయిదాకు, ఆమె కూతురు హెల్యుకు ఇష్టపూర్వకంగా వదిలిపెడుతున్నాను.'

కింద ఆర్విడ్ హామ్‌బెర్గ్ అని సంతకం ఉంది; తారీఖు మాత్రం సోమవారానిది, ఇల్లు కూలిపోయిందని ఆమె ఆయన ముఖం మీద చెప్పడానికి మూడు రోజుల ముందుది.