మూట మీద కూర్చున్న మనిషి

"లే! నా మూట మీదికెళ్ళి లే!"

రాజమణి అరుపుకు దవాఖాన వరండా అంతా ఇటు తిరిగింది.

మూట మీద కూర్చున్న ముసలి గుర్వయ్య మాత్రం కదల్లేదు. ఆ దవాఖానలో రోగుల బండి తోసే పని అతనిది. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు.

"లేవ బిడ్డా. రెండు గంటల బస్సు పోనీ, అప్పుడు లేస్త."

"గా బస్సు పోతే మా ఇంటాయన పాణం పోతది!"

లోపల మంచం మీద ఆమె భర్త గండయ్య ఉన్నాడు. పోచంపల్లి నేతగాడు. గుండెలో పుండు పడింది. ఇంకో మూడు వారాలు నరంలోకి పెన్సిలిన్ ఎక్కితేనే బతుకుతాడు.

పది రోజుల సూదులకు చేతుల మీది నరాలన్నీ గట్టిపడిపోయాయి. నిన్న సాయంత్రం నుంచి ఒక్కటీ దొరకలేదు. సీసా వేలాడుతోంది. చుక్క దిగడం లేదు.

డాక్టర్ రఘుపతి నిన్నటి నుంచి ఊళ్ళ మీద క్యాంపులో ఉన్నాడు. కాంపౌండర్ సీతారాములు తనే తేల్చేశాడు.

"ఇగ కాలు కోసి, నరంల సన్నగొట్టం పెట్టాలె. గది గిక్కడ చెయ్యరమ్మా. పట్నంల ప్రైవేటు దవాఖానకు తోల్కపో. మూడు వందలు ముందుగాల కట్టాలె."

ఇంట్లో మూడు వందలు పలికేది ఒక్కటే. మగ్గం.

ఈ సాయంత్రం దాన్ని విప్పి అమ్మి, డబ్బుతో పట్నం రమ్మని మరిదికి కబురు పంపింది రాజమణి. ఇక భర్తను తీసుకుని బస్సెక్కడమే మిగిలింది.

అప్పుడే ఈ ముసలాయన అడ్డం పడ్డాడు.

"డాక్టర్ సాబ్ మూడింటికొస్తడు. గా గొట్టం గీడనే వేస్తడు. కోసినందుకు పైస ఇచ్చేది లేదు. గొట్టం ఒక్కటే బయట కొనాలె, ఇరవై రెండు రూపాయలు. ఇయ్యి, నేను తెస్త."

"గట్ల చెప్పు! దుకాణపోడు నీకెంతిస్తడు?"

"వాడా? చాయ గుడ తాపడు, పిసినారి."

"దళారి మాటలు నాకు చెప్పకు. లే!"

మూట పట్టి గుంజింది. గుర్వయ్య పంచె పైకి జరిగింది. చీలమండ దగ్గర నాలుగు మచ్చలు. మొదటిది వంకరటింకరగా, వేలెడు పొడుగుంది. నాలుగోది చిన్నగా, బిగించిన పోగులా నేరుగా ఉంది.

కాళ్ళకు తాడు బిగించి తాటిచెట్లెక్కేవాళ్ళకు అలాంటి మచ్చలుంటాయి. రాజమణి అదే అనుకుంది.

"చెట్టెక్కి పడి కాలిరగ్గొట్టుకున్నవు. పట్టపగలే కల్లు తాగినవా ఏంది?"

గుర్వయ్య నవ్వాడు.

"తాగుంటే నువ్వు గుంజిన గుంజుడుకు కింద పడకపోదునా?"

బయట బస్సు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత దుమ్ము లేచింది.

అప్పుడు లేచాడు గుర్వయ్య.

రాజమణి ఏడవలేదు. కొంగు ముడి విప్పి ఇరవై రెండు రూపాయలు అతని చేతిలో కొట్టింది.

"మూడింటికి డాక్టర్ రాలేదనుకో, నిన్ను గీ వరండాలనే పాతిపెడ్త."

అతను కాలీడ్చుకుంటూ దుకాణానికి నడిచాడు. పారిపోతాడేమోనని మూట నెత్తిన పెట్టుకుని వెనకే నడిచింది.

మూడింటికి డాక్టర్ వచ్చాడు. కాగితంలో చుట్టిన గొట్టం చూశాడు. గండయ్య కాలు చూశాడు. తర్వాత ఎందుకో గుర్వయ్య ముఖం చూశాడు.

గుర్వయ్య తలూపాడు.

అరగంట గడిచాక సీసాలో చుక్క కదిలింది. ఒకటి. రెండు. మూడు. రాజమణి నూరు దాకా లెక్కపెట్టింది. ఆ తర్వాత బస్టాండుకు పరుగెత్తి, ఊరి బస్సు కండక్టరుతో కబురు పంపింది.

"మగ్గం విప్పొద్దని చెప్పు. విప్పితే మరిది చేతులు విరగ్గొడ్తనని గుడ చెప్పు."

గుర్వయ్యను మాత్రం ఆమె నమ్మలేదు. ఆ ఇరవై రెండులో దుకాణంవాడు తర్వాత ఎంతో కొంత అతని చేతిలో పెట్టే ఉంటాడు.

"ఓ దళారీ! ఇయ్యాల ఎవరి మూట మీద కూసున్నవు?" అని వరండా చివరి నుంచి ఎగతాళి చేసేది.

"నీ మూటంత మెత్తగ ఏదీ లేదు బిడ్డా," అనేవాడు బండి తోసుకుంటూ.

ఒకరోజు ఆ బండిని ఇంకెవరో తోస్తున్నారు. రాజమణి పట్టించుకోలేదు.

మూడు వారాలు నిండాయి. డాక్టర్ గొట్టం తీసేశాడు. గండయ్య తనంతట తనే లేచి కూర్చున్నాడు.

"మగ్గం తొక్కొచ్చునా డాక్టర్ సాబ్?" అడిగింది రాజమణి.

"నెల ఆగి తొక్కమను."

ఆమె వంగి భర్త చీలమండ చూసింది. చిన్న మచ్చ, బిగించిన పోగులా నేరుగా.

అచ్చం అలాంటిదే ఎక్కడో చూసింది.

"సాబ్... గా గుర్వయ్య కాలు మీద గిసొంటియి నాలుగున్నయి. చెట్టెక్కి పడలేదా ఆయన?"

డాక్టర్ కత్తెర పక్కన పెట్టాడు.

"పోయిన ఎండకాలం అతని భార్య బిక్షమ్మ గిదే మంచం మీద ఉండె. నరం దొరకలేదు. పట్నం పోనీకి వాళ్ళ దగ్గర పైసల్లేవు. గొట్టం వేసుడు నేను పుస్తకంల చదివిన గని, చేతులతోని ఎన్నడూ చెయ్యలేదమ్మా. నా కండ్ల ముందటనే పోయింది."

రాజమణి ఆ మంచం పట్టె మీద చెయ్యేసింది.

"దినాలైన తెల్లారి వచ్చిండు. నా ముందట కాలు చాపి కూసున్నడు. 'దీని మీద నేర్చుకో సాబ్, ఇంకొకరు పోవద్దు' అన్నడు. వద్దంటే లేవలేదు. ఒకపారి చీముపట్టి కాలు గట్లయింది. అయినా మళ్ళ చాపిండు."

"నాకొక్క మాట చెప్పకపోయె!"

"చెప్తే నువ్వు చెయ్యనిస్తుంటివా?"

రాజమణి గబగబా వరండాలోకి చూసింది.

"యాడున్నడు?"

"నౌకరి అయిపోయింది. అమ్రాబాద్ దిక్కు బిడ్డ ఇంటికి పోయిండు. ఏ ఊరో ఎవరికీ చెప్పలే."

"మొదటి మూడు తప్పినయి, నాలుగోది కుదిరింది," అన్నాడు డాక్టర్, గండయ్య కాలిని మెల్లగా మంచం మీద పెడుతూ, "ఐదోది మీ ఇంటాయనది."